పొయ్యి వెలిగించని హెర్బల్ ఐస్ టీ: చన్నీళ్లు ఏం తీసుకుంటాయి, ఏం వదిలేస్తాయి

సీసాలో గుప్పెడు ఎండు పుదీనా వేసి, చన్నీళ్లు పోసి, మూత బిగించి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పొద్దున్నకి హెర్బల్ ఐస్ టీ తయారు. కోల్డ్ బ్రూ గురించి ఎక్కడ చదివినా ఇంతే ఉంటుంది, ఇందులో అబద్ధం కూడా ఏమీ లేదు. అయినా మొదటిసారి చేసినవాళ్లలో చాలామంది రెండో గ్లాసు పోసుకోరు. ఒకరికి ఉత్త నీళ్లలా ఉంటుంది, ఇంకొకరికి పచ్చిగడ్డి వాసన కొడుతుంది, మరొకరు దాల్చిన చెక్క వేసి 12 గంటలు ఎదురుచూస్తే నీళ్లకి ఆ వాసన అంటీ అంటనట్టు ఉంటుంది. వేడినీళ్ల లెక్కల్ని చన్నీళ్లకి అలాగే వాడేయడం వల్ల వచ్చే తంటా ఇది.

మరిగే నీళ్లు టీలో రెండు పనులు చేస్తాయి. ఆకులోంచి రుచిని, రంగుని, వాసనని బయటకి లాగడం అందరికీ కనిపించే పని. ఆ ఆకు మీద ఉన్న సూక్ష్మక్రిముల్లో చాలావాటిని చంపేయడం ఎవరికీ కనిపించని పని, అందుకే ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు. పొయ్యిని పక్కన పెట్టామంటే ఈ రెండు పనులూ వేరే ఎవరో చేయాలి. మొదటిది టైమ్ చేస్తుంది, ఓపిక ఉంటే బాగానే చేస్తుంది. రెండోది ఫ్రిజ్ చేస్తుందిలే అనుకుంటాం గానీ అది సగం పనే చేస్తుంది.

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. హెర్బల్ టీలో టీ ఉండదు. టీ అంటే కమేలియా సైనెన్సిస్ అనే ఒక్క మొక్క ఆకు, బ్లాక్ టీ అయినా గ్రీన్ టీ అయినా దాని నుంచే వస్తుంది. పుదీనా, చామోమిల్, నిమ్మగడ్డి, అల్లం లాంటివి నీళ్లలో నానబెట్టుకుని తాగేదాన్ని టీ అనడం అలవాటైపోయింది, అంతే. ఇది పేరు దగ్గర చేసే చాదస్తం అనుకోవద్దు, దీనివల్ల ఒక అసలు తేడా ఉంది. కోల్డ్ బ్రూకి ఇచ్చే పెద్ద కితాబు ఏమిటంటే చేదు, వగరు తక్కువగా దిగుతాయి, కెఫీన్ కూడా తగ్గుతుంది అని. మామూలు టీ ఆకు విషయంలో ఇది నిజం. కానీ చాలా మూలికల్లో కెఫీన్ మొదటి నుంచే లేదు (దక్షిణ అమెరికాలో తాగే యెర్బా మాటే ఆకు లాంటివి మినహాయింపు, దానిలో కెఫీన్ బాగానే ఉంటుంది), వగరు కూడా కొన్నింటిలోనే ఎక్కువ. అంటే టీ ఆకు కోసం పుట్టిన సలహాలు ఇక్కడ సగానికి సగం పనిచేయవు. ఏ మూలిక వేస్తున్నాం, అందులో రుచిని మోసేది ఏది, అది చన్నీళ్లలో కరుగుతుందా లేదా అనేది చూసుకోవాలి.

వేడినీళ్లలో 5 నిమిషాల్లో అయ్యే పనికి చన్నీళ్లలో 8 గంటలు ఎందుకు పడుతుంది? నీళ్లు చల్లబడేకొద్దీ చిక్కబడతాయి, కంటికి తెలియదు గానీ 5 డిగ్రీల దగ్గర నీళ్ల చిక్కదనం 95 డిగ్రీల దగ్గర ఉన్నదానికి దాదాపు 5 రెట్లు. ఆ చిక్కదనంలో అణువులు మెల్లగా కదులుతాయి. దానికి తోడు ఎండిన ఆకు ముందు తడవాలి, ఉబ్బాలి, లోపలికి నీళ్లు చేరాలి, కరిగిన సరుకు మళ్లీ బయటకి రావాలి. వేడి ఈ పనులన్నింటినీ తోసుకుంటూ తీసుకెళ్తుంది, కణాల గోడల్ని మెత్తబరుస్తుంది, ఆకు మీది మైనం లాంటి పొరని కరిగిస్తుంది. చన్నీళ్లకి ఆ బలం లేదు. సులువుగా వచ్చేదాన్ని తీసుకుంటాయి, మొండికేసినదాన్ని వదిలేస్తాయి. రుచి తేడా అంతా ఈ ఏరుకోవడంలోంచే పుడుతుంది.

ఇది కళ్లారా చూడాలంటే మందార టీ మొదలుపెట్టిన మొదటి 10 నిమిషాలు సీసా ముందు కూర్చోవాలి. మందార టీ పేరుతో దొరికేది పెరట్లో పూసే మందారం కాదని ఇక్కడ చెప్పుకోవాలి, అది గోంగూర జాతి మొక్క, హైబిస్కస్ సబ్దరిఫా. పూరేకులు రాలిపోయాక కాయ చుట్టూ కండగా మిగిలే ఎర్రటి రక్షక పత్రాల్ని ఎండబెట్టి అమ్ముతారు. గాజు సీసాలో చన్నీళ్లు పోసి ఆ ఎండు ముక్కల్ని పైన వేస్తే మొదట తేలుతూ ఉంటాయి. ఒకటి రెండు నిమిషాలకి ఒక్కో ముక్క అంచు నుంచి సన్నటి ఎర్రదారం కిందకి దిగడం మొదలవుతుంది, కలిపినట్టు ఉండదు, పొగ తలకిందులుగా వేలాడినట్టు ఉంటుంది. రంగు, పులుపు కరిగిన నీళ్లు మామూలు నీళ్ల కంటే కాస్త బరువు కాబట్టి అడుగుకి జారిపోతాయి. అరగంటకి సీసా అడుగున కుంకుమ రంగు పొర, పైన ఇంకా తెల్లటి నీళ్లు. కదపకుండా వదిలేస్తే ఆ పొర చాలాసేపు అలాగే ఉంటుంది, పై నుంచి గ్లాసులోకి వంచుకుంటే నీళ్లు, అడుగుది వంచుకుంటే పుల్లటి రసం. చన్నీళ్లలో ఏమీ దిగలేదు అనే ఫిర్యాదులు కొన్ని ఇలా కలపకపోవడం వల్ల వచ్చేవే. గంటకోసారి సీసాని మెల్లగా తిప్పి పెట్టినా చాలు, రాత్రంతా అయితే పడుకునే ముందు ఒకసారి, లేచాక ఒకసారి.

మందారం చన్నీళ్లకి ఇంత త్వరగా లొంగడానికి కారణం దాని రంగు, రుచి రెండూ నీళ్లలో ఇట్టే కరిగేవి కావడమే. ఎరుపునిచ్చేవి ఆంథోసయనిన్లు, పులుపునిచ్చేవి సిట్రిక్, మాలిక్ లాంటి ఆమ్లాలు. 2 నుంచి 4 గంటల్లో తాగదగ్గ టీ వచ్చేస్తుంది. రాత్రంతా ఉంచితే పులుపు, వగరు ముదురుతాయి, కొంచెం జిగురుగా కూడా తయారవుతుంది, ఎందుకంటే ఈ జాతి మొక్కల్లో జిగురు పదార్థం ఉంటుంది. కోల్డ్ బ్రూ అంటే ఎంతసేపు ఉంచినా ఏం కాదు అనే మాట ఇక్కడే తేలిపోతుంది.

పుదీనా కథ వేరు. దాని రుచి అంతా వాసన నూనెలో ఉంటుంది, పెప్పర్‌మింట్ అనే రకంలో అయితే అందులో ముఖ్యమైనది మెంథాల్ (మన వంటింటి పుదీనాలో అది బాగా తక్కువ). మెంథాల్ నీళ్లలో కరగడానికి పెద్దగా ఇష్టపడదు, లీటరు నీళ్లలో అర గ్రాము కూడా కరగదు. అయితే ముక్కుకి, నాలుకకి తెలియడానికి అంత అక్కర్లేదు కూడా. వేడినీళ్లు పోసినప్పుడు గది అంతా పుదీనా వాసన కమ్ముకుంటుందే, ఆ వాసన గ్లాసులోంచి వెళ్లిపోయినదే. చన్నీళ్లలో అది తక్కువ దిగుతుంది, కానీ దిగింది సీసాలోనే ఉండిపోతుంది. ఎండు పుదీనాకి 6 నుంచి 8 గంటలు సరిపోతాయి. తాజా ఆకు వాడితే ఒక చిన్న సంగతి: పుదీనా నూనె ఆకు లోపల ఎక్కడో దాక్కుని ఉండదు, ఆకు పైనే సన్నటి బుడగల్లాంటి గ్రంథుల్లో ఉంటుంది. అరచేతుల మధ్య పెట్టి ఒక్కసారి చరిస్తే అవి పగులుతాయి, చాలు. రోట్లో వేసి నూరితే పసరు దిగుతుంది, అదే ఆ పచ్చిగడ్డి వాసన.

పుదీనా తాగితే చల్లగా అనిపించడంలో కూడా ఒక తమాషా ఉంది. మెంథాల్ దేన్నీ చల్లబరచదు. చర్మంలో, నోట్లో చల్లదనాన్ని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం ఉంటుంది, మెంథాల్ దాన్ని మీటేసరికి చలి తగిలిందని మెదడుకి కబురు వెళ్తుంది. స్పర్శ, ఉష్ణోగ్రతల గ్రాహకాల మీద చేసిన పనికి డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపౌటియన్‌లకి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది, ఇద్దరూ విడివిడిగా, మెంథాల్‌ని వాడే ఈ గ్రాహకం జాడ పట్టుకున్నారు. కాబట్టి ఎండలోంచి వచ్చినవాళ్లకి పెప్పర్‌మింట్ ఐస్ టీ మిగతా వాటికంటే చల్లగా అనిపిస్తే ఆశ్చర్యం లేదు, ఫ్రిజ్ ఇచ్చిన చల్లదనానికి మెంథాల్ తన వంతు కలుపుతుంది.

చామోమిల్‌ని తెలుగులో చామంతి టీ అనేస్తున్నారు, రెండూ ఒకే కుటుంబం గానీ మొక్కలు వేరు. వేడినీళ్లలో 10 నిమిషాలు దాటితే చేదెక్కే ఈ పువ్వు చన్నీళ్లలో చాలా మర్యాదగా ప్రవర్తిస్తుంది, తేనె, ఆపిల్ కలిసినట్టుండే వాసన మిగిలి చేదు వెనకబడుతుంది. కోల్డ్ బ్రూతో నిజంగా బాగుపడే మూలిక ఒకటి చెప్పమంటే ఇదే చెప్పాలి. కాకపోతే ఎండు పువ్వులు మొండిగా తేలుతాయి, పైన తేలేవి సగం పొడిగానే ఉండిపోతాయి. ముందు మూలిక వేసి తర్వాత నీళ్లు పోయడం, ఓ 10 నిమిషాలాగి గరిటెతో అదిమి ముంచడం చేస్తే ఈ బాధ తగ్గుతుంది.

నిమ్మగడ్డికి ఆ నిమ్మ వాసన సిట్రాల్ అనే నూనె వల్ల వస్తుంది, పీచు గట్టిది కాబట్టి సన్నగా తరిగి 8 నుంచి 12 గంటలు ఇవ్వాలి. దక్షిణాఫ్రికా నుంచి వచ్చే రూయిబోస్ సూదుల్లాంటి ఆకు, అది కూడా రాత్రంతా అడుగుతుంది, రంగు మాత్రం త్వరగానే వదులుతుంది, రంగు చూసి అయిపోయిందనుకుని వడకట్టేస్తే పలచగా ఉంటుంది. సోంపు గింజల్ని కాస్త నలిపి వేయాలి. అల్లం తురిమితే వస్తుంది, చక్రాల్లా కోసి వేస్తే మొహమాటంగా వస్తుంది, అదీ తాజా అల్లం వాసనే గానీ గొంతులో దిగే ఘాటు ఉండదు. ఆ ఘాటు కావాలంటే మరిగించాల్సిందే. ఇక దాల్చిన చెక్క, లవంగం, ఎండు వేళ్లు, బెరడ్ల దగ్గర చన్నీళ్ల పప్పులేం ఉడకవు. వీటిని విడిగా కొద్ది నీళ్లలో 10 నిమిషాలు మరిగించి, చల్లార్చి, సీసాలో కలుపుకోవడమే తెలివైన పని. కోల్డ్ బ్రూ అన్నాం కదా అని పట్టుదలకి పోయి ప్రయోజనం లేదు.

కొలతల విషయంలో గ్రాముల తూకం ఉంటే చెంచాల గొడవ ఉండదు, ఎందుకంటే చెంచా చామోమిల్ గాలంత తేలిక, చెంచా మందారం దానికంటే బాగా బరువు. వేడి టీకి 200 మి.లీ. కప్పుకి 2 గ్రాములు అనేది మామూలు లెక్క, అంటే లీటరుకి 10. చన్నీళ్లు తక్కువ లాగుతాయి కాబట్టి ఎండు ఆకులు, పువ్వులకి లీటరుకి 12 నుంచి 15 గ్రాముల దగ్గర మొదలుపెట్టొచ్చు, మందారానికి 8 నుంచి 10 చాలు. తాజా ఆకు అయితే దాదాపు మూడింతలు, అందులో ఎక్కువ బరువు నీళ్లదే. టీ బ్యాగుల్లో ఉండేది పొడి కాబట్టి త్వరగా దిగుతుంది, 3, 4 గంటలకే రుచి చూడటం మంచిది. పలచగా అనిపిస్తే టైమ్ పెంచడం కంటే మూలిక పెంచడం మేలు. 12 గంటలు దాటాక రుచి పెద్దగా పెరగదు, వచ్చేది పసరు, చేదు, ఆకు కుళ్లడం మొదలైన వాసన. వడకట్టేటప్పుడు పిండకూడదు కూడా, చివరి రెండు చెంచాల రసం కోసం గట్టిగా నొక్కితే ఇంతసేపూ ఆకులోనే ఉండిపోయిన చేదు, మడ్డి అంతా సీసాలోకి వస్తుంది.

నీళ్లు కూడా తేడా చేస్తాయి, వేడి టీలో కన్నా ఎక్కువగా, ఎందుకంటే ఇక్కడ దాచడానికి ఘాటు లేదు. క్లోరిన్ వాసన ఉన్న కుళాయి నీళ్లతో చేస్తే చామోమిల్ ఓడిపోతుంది. నీళ్లు గట్టివైతే, అంటే బైకార్బనేట్లు ఎక్కువుంటే, మందారం పులుపుని అవి కొంత చంపేస్తాయి, ఎరుపు మసకబారి ఊదా వైపు తిరుగుతుంది. ఫిల్టర్ నీళ్లు గానీ కాచి చల్లార్చిన నీళ్లు గానీ వాడితే సరి. గిన్నె మాత్రం గాజుదో స్టీలుదో ఉండాలి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రల్లో మందారం లాంటి పుల్లటి రసాన్ని గంటల తరబడి ఉంచకూడదు, ఆమ్లం లోహాన్ని కరిగిస్తుంది.

కాచకపోతే మిగిలిపోయే పని

ఇప్పుడు ఆ కనిపించని రెండో పని. ఎండిన మూలిక శుభ్రంగా కనిపిస్తుంది, పొడిగా ఉంటుంది, నెలల తరబడి పాడవదు, అందువల్ల అందులో ఏ క్రిమీ లేదనిపిస్తుంది. ఎండబెట్టడం క్రిములు పెరగకుండా ఆపుతుంది, చంపదు. పొలంలో మట్టి, నీళ్లు, పిట్టలు, ఎండబెట్టిన నేల, మూటలు కట్టిన చేతులు, ఇవన్నీ దాటుకుని వచ్చిన ఆకు అది. బాసిల్లస్ సీరియస్ లాంటి బాక్టీరియా గట్టి పెంకులాంటి స్పోర్ల రూపంలో ఏళ్ల తరబడి పడి ఉండగలదు, సాల్మొనెల్లా కూడా పొడి సరుకులో చాలాకాలం బతుకుతుంది. తడి తగిలితే ఇవి మళ్లీ లేస్తాయి. అందుకే జర్మనీలో ఆహార భద్రత మీద ప్రభుత్వానికి సలహా ఇచ్చే బీఎఫ్‌ఆర్ సంస్థ హెర్బల్ టీలని మరిగే నీళ్లు పోసి కనీసం 5 నిమిషాలు ఉంచి చేసుకోమంటుంది. కోల్డ్ బ్రూ కోసమే అని రాసి అమ్మే ప్యాకెట్లలో కొన్ని ముందే ఆవిరితో శుద్ధి చేసినవి ఉంటాయి, మామూలు హెర్బల్ టీ ప్యాకెట్ మీద మరిగే నీళ్లు వాడమని ఉంటే అది రుచి కోసం మాత్రమే రాసిన మాట కాదు.

దీన్ని చదివి భయపడి సీసా పారబోయాల్సిన పనిలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, నమ్మకమైన మూలికతో, శుభ్రమైన సీసాలో, మొదటి నుంచీ ఫ్రిజ్‌లోనే పెట్టి చేసుకుంటే ప్రమాదం తక్కువే. కానీ తక్కువ అంటే లేదని కాదు. ఫ్రిజ్ క్రిముల్ని చంపదు, నెమ్మదిగా పెరిగేలా చేస్తుంది అంతే, లిస్టీరియా లాంటిది ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవాళ్లు, వ్యాధినిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇంట్లో వేడినీళ్లతో చేసి చల్లార్చిన టీయే పెట్టాలి, ఇందులో వాదన అక్కర్లేదు.

మధ్యేమార్గం ఒకటుంది, నిజానికి రుచికి కూడా అదే బాగుంటుంది. 12 గ్రాముల మూలికని వేడికి తట్టుకునే గిన్నెలో వేసి, మునిగేటట్టు 200 మి.లీ. మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి 5 నిమిషాలు ఉంచాలి. తర్వాత ఫ్రిజ్‌లోంచి తీసిన కాచి చల్లార్చిన నీళ్లు 800 మి.లీ. కలిపేయాలి. 90 డిగ్రీల నీళ్లు 200, 4 డిగ్రీల నీళ్లు 800 కలిస్తే మొత్తం 21 డిగ్రీల దగ్గరకి దిగిపోతుంది, వెంటనే ఫ్రిజ్‌లోకి. మూతపెట్టడం వల్ల వాసన పెద్దగా పోదు, క్రిముల్లో చాలావరకు చస్తాయి (మొండి స్పోర్లు కొన్ని మిగలొచ్చు, వాటి కోసమే చల్లదనం), ఆకు ముందే ఉబ్బి ఉంటుంది కాబట్టి 8 గంటలు కూడా అక్కర్లేదు, రెండు మూడు గంటల్లో తయారు. దీన్ని కోల్డ్ బ్రూ అనొచ్చా అని అడిగితే అనకపోవచ్చు. తాగేవాళ్లకి ఆ తేడా పట్టదు. చామోమిల్ విషయంలో మాత్రం పూర్తి చన్నీళ్లతో వచ్చే మృదుత్వం దీనిలో కొంచెం తగ్గుతుంది.

వద్దనాల్సింది ఎండలో పెట్టే పద్ధతిని. గాజు జాడీలో మూలిక, నీళ్లు పోసి ఎండలో నాలుగైదు గంటలు ఉంచితే టీ అవుతుంది, చూడటానికి చాలా బాగుంటుంది కూడా, బంగారు రంగులో మెరుస్తూ ఫొటోలకి బాగా పడుతుంది. ఆ నీళ్లు ఎంత ఎండలోనైనా 54 డిగ్రీల ప్రాంతం దాటవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆహార భద్రత సూత్రాల్లో 5 నుంచి 60 డిగ్రీల మధ్యని ప్రమాద మండలం అంటుంది, క్రిములు అక్కడే గబగబా పెరుగుతాయి. అంటే ఎండ టీ సరిగ్గా వాటికి నచ్చిన వేడిలో గంటలకొద్దీ కూర్చుంటుంది. వంటింటి గట్టు మీద రాత్రంతా వదిలేయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది, ఎండాకాలం గది వేడిలో ఇంకా ఎక్కువ.

ఫ్రిజ్‌లో పెట్టడంలో కూడా చిన్న చిట్కా ఉంది. గది వేడిలో ఉన్న లీటరు నీళ్లు ఫ్రిజ్‌లో చల్లబడటానికి గంటలు పడుతుంది, ఆ గంటలు ప్రమాద మండలంలోనే గడుస్తాయి. ముందే చల్లబరచిన నీళ్లు పోస్తే ఆ సమయం పోతుంది. సీసాని తలుపు అరలో పెట్టకుండా లోపలి అరలో వెనక్కి పెట్టాలి, తలుపు తీసినప్పుడల్లా వేడెక్కేది ఆ తలుపు అరే. మూత లేకపోతే టీకి ఫ్రిజ్‌లోని మిగతా వాసనలన్నీ అంటుకుంటాయి. వడకట్టాక రెండు రోజులు, మహా అయితే మూడు. పండ్ల ముక్కలు వేస్తే ఒక్క రోజే. సోడా కలపకుండానే బుడగలు వస్తున్నా, వంచితే తీగలా సాగుతున్నా, పుల్లటి వాసన వస్తున్నా రుచి చూసి నిర్ణయించుకుందాం అనుకోవద్దు, సింక్‌లో వంపేయడమే.

ఐస్, తీపి, పులుపు

ఐస్ టీ పలచగా ఉందనే నింద చాలాసార్లు మూలిక మీద పడుతుంది, దొంగ మాత్రం ఐస్. లెక్క వేస్తే తెలుస్తుంది. 90 డిగ్రీల వేడి టీ 200 మి.లీ.ని 4 డిగ్రీలకి దించాలంటే దాదాపు 200 గ్రాముల ఐస్ కరగాలి, అంటే టీ ఎంతో నీళ్లూ అంతే. వేడిగా చేసి ఐస్ మీద పోసే పద్ధతిలో టీని రెట్టింపు చిక్కగా చేయమనేది ఇందుకే. గది వేడిలో, 25 డిగ్రీల దగ్గర ఉన్న టీ అయితే 50 గ్రాములు కరిగితే చాలు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన టీకి దాదాపు ఏమీ కరగనక్కర్లేదు, చేతిలో పట్టుకుని తాగే 10 నిమిషాల్లో కరిగేదే. కోల్డ్ బ్రూకి ఉన్న పెద్ద లాభం ఇదేనేమో, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఇంకా పట్టింపు ఉంటే అదే టీని ఐస్ ట్రేలో గడ్డకట్టించి వాడుకోవచ్చు, కరిగినా టీయే కరుగుతుంది.

చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది. తీపి కబురుని మోసే కణాల్లో టీఆర్‌పీఎం5 అనే ద్వారం ఉంటుంది, అది వెచ్చదనంలో బాగా, చలిలో బద్ధకంగా పనిచేస్తుంది. కరిగిన ఐస్‌క్రీమ్ మరీ తియ్యగా ఉండేది ఇందుకే. అందువల్ల గది వేడిలో రుచి చూసి తీపి సరిపోయిందనుకున్న టీ చల్లబడ్డాక చప్పగా అనిపిస్తుంది, అప్పుడు ఇంకో రెండు చెంచాలు వేయబుద్ధవుతుంది, ఆ చక్కెర కరగకుండా అడుగున ఇసుకలా మిగులుతుంది. చన్నీళ్లకి చక్కెరని కరిగించే శక్తి లేక కాదు, సున్నా డిగ్రీల దగ్గర కూడా 100 మి.లీ. నీళ్లలో 150 గ్రాములకి పైనే కరుగుతుంది, కాకపోతే చాలా మెల్లగా. చక్కెర, నీళ్లు సమాన తూకంలో వేడిచేసి పాకం పట్టక ముందే దించి చల్లార్చిన సిరప్ ఫ్రిజ్‌లో ఉంచుకుంటే ఏ గ్లాసుకి ఆ గ్లాసు కలుపుకోవచ్చు. లీటరు టీకి 40 గ్రాముల చక్కెర అంటే ఒక మోస్తరు తీపి. మామూలు కూల్‌డ్రింకుల్లో లీటరుకి 100 గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది, ఆ అలవాటున్న నాలుకకి ఇది చప్పగా తోచినా వారంలో సర్దుకుంటుంది. తేనె వేసుకోవచ్చు గానీ ఏడాది లోపు పిల్లలకి తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావొచ్చు.

పులుపు విషయానికొస్తే నిమ్మరసం తాగే ముందే పిండుకోవాలి. నిమ్మచెక్కల్ని తొక్కతో సహా రాత్రంతా సీసాలో ఉంచితే తొక్క లోపలి తెల్లటి భాగం చేదు వదులుతుంది. శంఖుపువ్వు టీలో నిమ్మ పిండే వీడియోలు అందరూ చూసే ఉంటారు, నీలం కాస్తా ఊదా, గులాబీ అవుతుంది. మాయేం కాదు, దాని నీలం రంగు కూడా ఆంథోసయనినే, పులుపు పెరిగేకొద్దీ రంగు మారడం వాటి స్వభావం. రుచి మాత్రం ఆ పువ్వులో పెద్దగా ఉండదు, కాబట్టి దాన్ని పుదీనాకో నిమ్మగడ్డికో రంగు కోసం తోడివ్వాలి తప్ప ఒంటరిగా నమ్ముకోకూడదు. మందారం టీ అసలే బాగా పులుపు, దానికి నిమ్మరసం కూడా తోడైతే పళ్ల ఎనామిల్‌కి మంచిది కాదు, రోజంతా కొద్దికొద్దిగా చప్పరిస్తూ కూర్చోవడం కన్నా ఒకసారి తాగేసి నోరు పుక్కిలించడం నయం.

ఇక డీటాక్స్, కొవ్వు కరిగించడం లాంటి మాటలు. శరీరంలోని వ్యర్థాల్ని బయటకి పంపే పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి, ఐస్ టీ చేయదు. ఎండలో నీళ్లు తాగాలనిపించేలా చేస్తుంది, చక్కెర లేని డ్రింక్ అలవాటు చేస్తుంది, ఆ లాభం చాలు. అయితే ఇవి ఉత్త రుచినీళ్లు అనుకోవడం కూడా తప్పే. మందారం రక్తపోటుని కొంత తగ్గిస్తుందని ప్రయోగాల్లో కనిపించింది, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు రోజూ లీటర్లకొద్దీ తాగే ముందు డాక్టర్ని అడగాలి. అతిమధురం వేరు దీనికి ఉల్టా, ఎక్కువైతే రక్తపోటు పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది, చన్నీళ్లలో నానినా దాని తీపినిచ్చే గ్లిసరైజిన్ దిగుతుంది. చామంతి కుటుంబం పువ్వులు పడనివాళ్లకి చామోమిల్ కూడా పడకపోవచ్చు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక గర్భనిరోధక మాత్రల దగ్గర నుంచి రక్తం పలచబరిచే మందుల దాకా చాలా వాటి పని చెడగొడుతుంది, కలగాపులగం ప్యాకెట్లలో అది ఉందేమో వెనక చదివి చూసుకోవాలి.

వడకట్టాక మిగిలిన తడి ఆకుని చూసి ఇంకోసారి నీళ్లు పోస్తే ఏమైనా వస్తుందా అనిపించడం సహజం. మందారానికి ఇంకాస్త రంగు వస్తుంది, రుచి రాదు. మిగతావాటికి రెండూ రావు, పైగా రాత్రంతా నానిన ఆకుకి మరో రాత్రి ఇవ్వడం అంటే క్రిములకి ఇచ్చినట్టే. అది కుండీల మట్టిలోకి వెళ్లాలి. సీసాని మాత్రం వేడినీళ్లు, సబ్బుతో బ్రష్ పెట్టి కడగాలి, ముఖ్యంగా మూతలో రబ్బరు రింగు ఉంటే దాన్ని ఊడదీసి. మందారం మరక గాజు నుంచి ఇట్టే పోతుంది, ఆ రింగు కింద నుంచి పోదు, జిగురు పట్టేది కూడా అక్కడే.